కంపెనీ టైము

పొద్దున్న తొమ్మిది కాకముందే కత్తెర పిన్ని ఎడమవైపు బుట్టలో పదకొండు కాలర్లు పడ్డాయి. పన్నెండోది చేతిలో ఉంది.

చొక్కా కాలరును మధ్యకు మడిచి రెండు కొసలూ ఒకదాని మీద ఒకటి ఆనిస్తుంది ఆమె. కొసలు కలిస్తే కుడివైపు బుట్ట, కలవకపోతే ఎడమవైపు. తొమ్మిదేళ్ళుగా ఇదే పని కావడంతో కళ్ళకంటే ముందు బొటనవేలే తీర్పు చెప్పేస్తుంది. పన్నెండోదాని ఎడమ కొస నూలుపోగంత పొడుగుంది. కొన్నవాడి మెడ కింద అది కుక్క చెవిలా వేలాడుతుంది. దాన్ని బుట్టలోకి విసిరి, మూటకు కట్టిన చీటీ తిప్పి చూసింది.

"ఇరవై ఏడు," అంది పక్క మిషను మీద బొత్తాలు కుడుతున్న ఆవిడతో. "మళ్ళీ ఆ మహాతల్లే."

"నీకేమైనా పాత పగలున్నాయా దానితో?" అంది బొత్తాలక్క తలెత్తకుండానే. "పొద్దున లేస్తే దాని జపమే."

"నా కిందకి నీళ్ళు తెస్తుంటే జపం చెయ్యక ఏం చెయ్యను?"

కాలర్లు ఈ షెడ్డులో కుట్టరు. కంపెనీకి ఎక్కడో దూరాన ఇంకో ఊళ్ళో ఇంకో షెడ్డుంది. కాలర్లూ కఫులూ అక్కడ తయారై, లారీలో రెండు రోజులు ప్రయాణం చేసి వస్తాయి. ఇక్కడివాళ్ళు వాటిని చొక్కాలకు తగిలిస్తారు. ఒక్కో మూటకు ఒక్కో చీటీ. చీటీ మీద కుట్టిన మనిషి నంబరు, మూట ముగిసిన గంట అచ్చు పడి ఉంటాయి. ఆ షెడ్డు లోపలి బొమ్మ ఈ షెడ్డు ముందు గోడ మీది టీవీలో రోజంతా కనబడుతుంది. ఈ షెడ్డు బొమ్మ అక్కడ కనబడుతుందట. మాట మాత్రం వినపడదు. బూడిద రంగు మనుషులు బూడిద రంగు మిషన్ల మీద వంగి ఉంటారు, చేపల తొట్టెలో చేపల్లా.

కత్తెర పిన్నికి ఇప్పటికి రెండు హెచ్చరికలొచ్చాయి. ఆమె చేతి మీదుగా వెళ్ళిన చొక్కాలు కాలరు వంకరని తిరిగొచ్చాయి. మూడో హెచ్చరిక వస్తే కుర్చీ పోతుంది. దారాల బల్ల దగ్గరకు పంపుతారు. అక్కడ రోజంతా నిలబడి, కుట్టిన చొక్కాలకు వేలాడే పోగులు కత్తిరించాలి. ఆమె కుడి మోకాలు పావుగంట నిలబడితేనే బూరెలా ఉబ్బుతుంది. షెడ్డు మొత్తంలో కూర్చుని పరీక్ష చేసే కుర్చీ ఒక్కటే. అది పోతే ఉద్యోగం పోయినట్టే లెక్క.

"ఇలా చూడు," అంటూ ఆమె నాలుగైదు చీటీలు బల్ల మీద పరిచింది. "ఎనిమిది నుంచి పదిన్నర దాకా కుట్టినవన్నీ వంకర. పదకొండు దాటాక కుట్టినవి చూడు, స్కేలు పెట్టి గీసినట్టుంటాయి. అలిసిపోయాక తిన్నగా పోయే చెయ్యి పొద్దున్నే ఎందుకు వంకర పోతుంది?"

"రాత్రి మొగుడితో పోట్లాడి వస్తుందేమో."

"అలాగైతే మొగుడి మెడ వంకర చెయ్యమను. నా కాలర్లు కాదు."

బొత్తాలక్క నోట్లో పెట్టుకున్న దారం తీసి నవ్వింది. "ఒళ్ళు వంగదులే పిన్నీ. కొందరికి పొద్దెక్కితేగాని మెలకువ రాదు."

"వంచుతాను," అంది కత్తెర పిన్ని.

ఆ సాయంత్రం ఆమె ఇంటికి వచ్చేసరికి ఐదూ ఇరవై. మొగుడు మంచం అంచున కూర్చుని బూట్లు వేసుకుంటున్నాడు. ఆయన సిటీ బస్సు డ్రైవరు. డ్యూటీకి ఆరింటికి బయల్దేరతాడు. పెళ్ళాం రాకకూ మొగుడి పోకకూ మధ్య దొరికే ఆ నలభై నిమిషాల్లోనే ఇద్దరూ కలిసి తింటారు, ఇంటి సంగతులు మాట్లాడుకుంటారు, పోట్లాట ఉంటే అదీ అందులోనే కానిచ్చేస్తారు. ఆమె పళ్ళెం తెచ్చి ఆయన ముందు పెట్టి, మోకాలి మీద తడిగుడ్డ వేసుకుని, ఇరవై ఏడో నంబరు గురించి మొదటి నుంచి చివరి దాకా చెప్పింది.

"అంత దూరాన ఉన్న మనిషి మీద ఇంత కోపం ఎలా వస్తుందే నీకు?" అన్నాడాయన. "నాకు బస్సుకి అడ్డం పడ్డవాడి మీదే రాదు."

"నీ సీటు కిందనుంచి ఎవరూ లాగడం లేదుగా, నీకెందుకొస్తుంది?"

"నా సీటులో స్పంజి పోయి రెండేళ్ళయింది. లాగితే బాగుణ్ణనే ఉంది."

ఆమె నవ్వలేదు. మూడు రోజులు రెండు కుప్పలు వేస్తానంది. పొద్దుటివి ఒకటి, మధ్యాహ్నానివి ఒకటి. వాటిని తీసుకెళ్ళి సూపర్‌వైజరు బల్ల మీద పోస్తానంది. ఆయన పళ్ళెంలో చెయ్యి కడుక్కుంటూ, "పోసెయ్యి. మూడో రోజుకైనా నాకీ సోది తప్పుతుంది," అన్నాడు.

చెప్పినట్టే చేసింది. శుక్రవారం పొద్దున ఆమె పోసిన కుప్పలు చూసి సూపర్‌వైజరు ముఖం వెలిగింది. మెడలో స్టాప్‌వాచి వేలాడేసుకుని వరసల మధ్య తిరిగే అతనికి ఆడవాళ్ళు పెట్టిన పేరు గడియారం. పిన్ని కొడుకు వయసుంటుంది, అంతే. ఏదో ఒక తప్పు ఎవరో ఒకరి నెత్తిన అతికితే తప్ప అతని పైవాళ్ళు అతన్ని నిద్రపోనివ్వరు.

"దీన్ని అందరి ముందూ చూపించాలి," అన్నాడు. జేబులోంచి రిమోటు తీసి టీవీకి గొంతు తెప్పించాడు. అవతలి షెడ్డులోని మిషన్ల రొద ఒక్కసారిగా ఇక్కడి రొదలో కలిసింది. "ఇరవై ఏడెవరు? ముందుకు రా."

టీవీలో ఒక సన్నటి మనిషి లేచి వచ్చింది. ముప్పై ఏళ్ళుంటాయి. తలకు గుడ్డ కట్టుకుంది. అక్కడి టీవీ ముందుకొచ్చి నిలబడి చేతులు కట్టుకుంది. పిన్ని ఊహించుకున్న ఇరవై ఏడు లావుగా ఉండేది. ఆ తేడాకు కూడా కోపమే వచ్చింది ఆమెకు.

"ఏమమ్మా, ఇది నువ్వు కుట్టిందేనా?" అంటూ పిన్ని కాలరు ఎత్తి చూపించింది.

"నంబరు నాదైతే నేనే కుట్టి ఉంటాను."

"కొసలు చూడు."

"ఇంత దూరానికి కొసలేం కనబడతాయి? మీ వేళ్ళు కనబడుతున్నాయి. గోరింట పెట్టుకున్నట్టున్నారు."

అది గోరింట కాదు, తప్పుల మీద గుర్తు పెట్టే ఎర్ర సిరా. అటుపక్క ఎవరో నవ్వారు. ఇటుపక్కా ఒకరిద్దరు నవ్వారు. పిన్ని చెవులు వేడెక్కాయి.

"మధ్యాహ్నం తిన్నగా కుట్టే చేతికి పొద్దున్నే ఏం రోగం? పక్క దిగబుద్ధి కాదా?"

"మీరు ఎన్నింటికి దిగుతారు పక్క?"

"ఐదున్నరకి. లేచి, వండి, మొగుడికి అన్నం మూతపెట్టి, ఎనిమిదికల్లా ఈ కుర్చీలో ఉంటాను. ఎవరికీ వంకలు చెప్పను."

"పెట్టిపుట్టారు," అంది ఇరవై ఏడు.

"ఎదురు మాటలొద్దు," అన్నాడు గడియారం. "రేపటితో నీ సంగతి తేలిపోతుంది. నిర్లక్ష్యం కింద రాయిస్తున్నాను."

సరిగ్గా అప్పుడే ఆమె వెనక, షెడ్డు చివరి తలుపు తెరుచుకుంది. ఎవరో మూట భుజాన వేసుకుని లోపలికొచ్చారు. తలుపు మూసుకునేలోపు పిన్నికి బయటిది కనబడింది. కటిక చీకటి. చీకట్లో ఒక వీధిదీపం, దాని చుట్టూ ముసిరిన పురుగులు. పిన్ని తన బల్ల వైపు చూసుకుంది. కిటికీలోంచి వచ్చిన ఎండ కాలర్ల మీద పడి కళ్ళు చెదిరేటట్టుంది. గోడ మీద తొమ్మిదీ ముప్పై ఆరు.

"అదేంటి, అక్కడ చీకటిగా ఉంది?"

"మబ్బేమో," అంటూ గడియారం రిమోటు నొక్కాడు. ఇరవై ఏడు ఏదో అంటోంది. పెదాలు కదులుతున్నాయి, మాట లేదు.

"మబ్బు పడితే వీధిదీపం ఎందుకు వెలుగుతుంది? అక్కడిప్పుడు టైమెంత?"

"కంపెనీ టైము తొమ్మిదీ ముప్పై ఆరు."

"కంపెనీది కాదయ్యా. ఆకాశానిది."

అతను విసుక్కున్నాడు. "ఐదూ ముప్పై ఆరు. అయితే ఏంటి? రెండు షెడ్లూ ఒకేసారి మొదలైతేనే ఆఫీసువాళ్ళకి చూడ్డానికి వీలు. కొత్త సంగతేం కాదు, అందరికీ తెలిసిందే."

నిజమే, అందరికీ తెలిసిందే. ఆ ఊళ్ళో పొద్దు నాలుగు గంటలు వెనక అని పిన్నికీ తెలుసు. లారీ వాళ్ళు చెబుతుంటారు. కానీ ఆ నాలుగు గంటల్లోంచి ఒక మనిషి లేచి, ముఖం కడుక్కుని, చెప్పులు తొడుక్కోవడం ఆమె ఎప్పుడూ చూడలేదు. ఇక్కడ ఎనిమిదంటే అక్కడ నాలుగు. నాలుగింటికి మిషను ముందుండాలంటే మూడింటికైనా లేవాలి. ఆమె కుర్చీలో కూలబడి, మూడోసారి కూడా వేళ్ళ మీద లెక్క పెట్టుకుంది.

మధ్యాహ్నం గడియారం ఆమె ముందు నివేదిక కాగితం పెట్టాడు. తప్పు ఏమిటి, ఎన్ని గంటలకు జరిగింది, కారణం ఏమిటి అన్న గడులను పరీక్ష చేసే మనిషే తన చేత్తో నింపాలి. కాగితాలకు వరస నంబర్లుంటాయి, చించడానికి వీల్లేదు. "కారణం దగ్గర నిర్లక్ష్యం అని రాయి. నీ రెండు హెచ్చరికలూ నేను మాఫీ చేయిస్తాను," అన్నాడు.

పిన్ని కలం పట్టుకుని చాలాసేపు కూర్చుంది. ఇరవై ఏడు మీద ఆమెకు జాలేమీ పుట్టలేదు. గోరింట మాట ఇంకా చెవిలో గింగురుమంటూనే ఉంది. కానీ ఈ తొమ్మిదేళ్ళలో తిన్నని కాలరు ఒక్కటి కూడా ఆమె ఎడమ బుట్టలో వెయ్యలేదు. ఇవాళ వెయ్యమంటున్నారు. గంట అన్న గడిలో "తెల్లవారుజామున నాలుగుంబావు" అని రాసింది. కారణం అన్న గడిలో "నిద్ర" అని రాసింది.

గడియారం చదివి తెల్లబోయాడు. "ఏంటిది? మూడో హెచ్చరిక నా చేతిలోనే ఉంది, మరిచిపోయావా?"

"వంకర నా చేతిది కాదని రుజువయింది. కారణం నేనే రాయాలని రూలు చదివి వినిపించింది నువ్వే. రాశాను. పంపిస్తావో, నంచుకు తింటావో నీ ఇష్టం."

కాగితం వెళ్ళింది. సోమవారం నుంచి అమలయ్యే నోటీసు శనివారం సాయంత్రమే వచ్చింది. గడియారం మిషన్లన్నీ ఆపించి, గొంతు సవరించుకుని, పెళ్ళి శుభలేఖ చదివినట్టు చదివాడు. "మన పరీక్షాధికారిణి సూచన మేరకు, రెండు షెడ్లకూ న్యాయం జరిగేలా, ఇకనుంచి పని మధ్యే మార్గంగా మొదలవుతుంది. ఇక్కడ పదింటికి. అక్కడ ఆరింటికి. ఇక్కడ దిగేది ఏడింటికి." చివర్లో పిన్ని వైపు చూసి, "హెచ్చరికలు రెండూ రద్దు," అన్నాడు, అందరికీ వినబడేలా.

బొత్తాలక్క నెమ్మదిగా లేచి, తన డబ్బా సంచిలో పెట్టుకుంది.

"మా అబ్బాయిని ఆరింటికి ఆస్పత్రి నుంచి తీసుకురావాలి రోజూ. వాడి కాలి కట్టు మార్చేది ఆ టైములోనే," అంది. "నీ కుర్చీ నీకు దక్కింది పిన్నీ. సంతోషంగా కూర్చో."

"అక్కా, నేను మన టైము మార్చమని రాయలేదు."

"ఏం రాశావో మాకు చదివి వినిపించలేదుగా."

సోమవారం నుంచి ఆమెతో ఎవరూ పలకలేదు. టీ కప్పులు వరస వెంట చేతులు మారుతూ వచ్చి, ఆమె బల్ల దాటి అవతలికి వెళ్ళిపోయేవి. మంగళవారం ఆమె చిన్న కత్తెర మాయమైంది. వెతగ్గా వెతగ్గా చెత్తబుట్టలో, అరటితొక్కల కింద దొరికింది. దాన్ని కొంగుతో తుడుచుకుంటుంటే వెనక వరసలో ఎవరో, "అమ్మగారు సూచనలు రాసుకోవాలి, కలం కూడా చూసుకోమను," అన్నారు. పిన్ని వెనక్కి తిరిగి, "నీ కాజాలు నిన్న నాలుగు ఎడమ బుట్టలో పడ్డాయి. ముందవి చూసుకో," అంది.

ఏడింటికి దిగి రోడ్డు మీదికొచ్చేసరికి మొగుడి బస్సు ఎదురుగా వచ్చింది. నిండా జనం. ఆ బస్సు ఆమె ఇంటివైపు వెళ్ళేది కాదు. ఆయన స్టీరింగు మీది నుంచి రెండు వేళ్ళు ఎత్తాడు. ఆమె సంచి ఎత్తింది. బస్సు వెళ్ళిపోయింది. ఇంట్లో మూతపెట్టిన పళ్ళెం చల్లారి ఉంది. ఆ రోజు మోకాలి మీద గుడ్డ కూడా తడపబుద్ధి కాలేదు ఆమెకు.

బుధవారం సాయంత్రం నాలుగింటికి లారీ వచ్చింది. సోమవారం కుట్టిన కాలర్లు. కొత్త టైములో మొదటి మూటలు. ఇరవై ఏడో నంబరు మూట ఆమె అన్నింటికంటే ముందు విప్పింది. మొదటి కాలరు తీసి మడిచింది. బొటనవేలు ఆగిపోయింది. వంకర. రెండోది వంకర. ఆరోది దాకా వంకరే. చీటీ మీద పదీ నలభై. అంటే అక్కడ ఆరూ నలభై. పదకొండు దాటిన మూట విప్పితే అన్నీ స్కేలు పెట్టి గీసినట్టు.

నిద్ర కాదు. తన చేత్తో రాసింది తప్పు. తప్పు కాగితం మీదే అందరి సాయంత్రాలూ పోయాయి.

ఆమె కుర్చీలోంచి లేచింది. పని వేళ ఆ కుర్చీ వదిలితే అదే మరో హెచ్చరిక. కుంటుకుంటూ వరసల మధ్య నుంచి నడిచి టీవీ దగ్గరకు వెళ్ళి, కాలరు దాని ముందు ఎత్తి పట్టుకుంది. అవతల ఇరవై ఏడు తలెత్తింది. మిషను మీంచి లేచి విసురుగా వచ్చింది. పెదాలు గబగబా కదులుతున్నాయి.

"సౌండు పెట్టు," అంది పిన్ని.

"పోయి కూర్చో," అన్నాడు గడియారం. "నీకేమైనా పిచ్చి పట్టిందా?"

టీవీ అడుగున ఒక బటనుంటుంది. తుడిచేటప్పుడు ఆమె చాలాసార్లు చూసింది. నొక్కింది.

"...చాలదా ఇంకా?" అంటోంది ఇరవై ఏడు. "నా మీద రాశారు, నా టైము మార్పించారు. ఇంకేం కావాలి మీకు?"

"నీ ఉద్యోగం పోకుండా రాశాను. మూడింటికి లేచే బాధ తప్పింది నీకు."

"తప్పించమని నేనడిగానా? నాలుగింటికొచ్చి ఒంటిగంటకి దిగేదాన్ని. ఒకటిన్నరకి మా పిల్ల బడి వదుల్తారు. తెల్లారగట్లే లేచి చచ్చినా, దాన్ని నా చేత్తో పట్టుకుని ఇంటికి తెచ్చుకునేదాన్ని. ఇప్పుడు మూడింటికి దిగుతున్నాను. అది గంటన్నర బడి గేటు పట్టుకుని నిలబడుతోంది. ఆరేళ్ళ పిల్ల. నిన్న వాన."

పిన్ని చేతిలోని కాలరు కిందికి దిగింది. షెడ్డులో మిషన్లు కొన్ని తడబడ్డాయి.

"మరి ఇవెందుకు వంకర పోతున్నాయి?" అంది. "ఇప్పుడు ఆరింటికేగా మొదలుపెట్టేది?"

"కనబడక. నా మిషను నెత్తిమీది ట్యూబులైటు చచ్చి ఏడాదయింది. పైకప్పు అద్దంలోంచి ఎండ దిగేదాకా నేను వేళ్ళతో తడుముకుని కుడతాను. ఏడైనా సరే, ఎనిమిదైనా సరే, ఎండ రావాల్సిందే."

"చెప్పలేదా ఎవరికీ?"

"ఏడాదిగా చెప్తున్నాను. ఇక్కడి వాడికి చెప్పాను, మీ వాడికి చెప్పాను. మొన్న మీ అందరి ముందూ చెప్తుంటే నా గొంతు నొక్కేశారు. మీరేమో పక్క దిగబుద్ధి కాదా అనడిగారు. ఏం కావాలే నీకు అని అడిగితే అప్పుడే చెప్పేదాన్ని. ఒక లైటు కావాలి. అంతే."

పిన్నికి మోకాలు సలుపుతోంది. గోడకు చెయ్యి ఆనించి నిలదొక్కుకుంది.

"అడగలేదు," అంది. "తప్పు నాదే. కాగితం మళ్ళీ రాస్తాను."

"రాసుకోండి. ఈసారి నన్నడిగి రాయండి."

గడియారం వచ్చేశాడు. "ఇద్దరికీ హెచ్చరికే. లైట్లు నా పరిధిలోవి కావు. నడు, నడు ఇక్కణ్ణుంచి," అంటూ జేబులో రిమోటు కోసం తడుముకున్నాడు.

వెనక బొత్తాలక్క మిషను ఆగింది.

"ఉండు బాబూ," అందామె. లేచి, బొత్తాల డబ్బా పక్కకు జరిపి, వరస దాటి వచ్చింది. పిన్ని ముఖం వైపు చూడలేదు. అలాగని ఆమెను దాటి పోనూ లేదు. పక్కనే నిలబడింది. "ఒక్క లైటా? ఒక్క ట్యూబులైటు పెట్టలేక, మావాడు రెండు రోజులుగా ఆస్పత్రి మెట్ల మీద కూర్చుంటున్నాడా?"

"అది ఆఫీసు నిర్ణయం అక్కా. మీ పిన్నే కదా..."

"పిన్ని సంగతి మేం తర్వాత చూసుకుంటాం. ఆమె ఎక్కడికీ పోదు. నీకు ఏడాది నుంచీ తెలుసా లేదా?"

అతను రిమోటు బయటికి తీశాడు. ఎత్తాడు గాని నొక్కలేదు. వెనక వరసలో కాజాల మిషను ఆగింది. దాని పక్కది ఆగింది. టీవీలో కూడా ఒక్కొక్కరే మిషన్ల మీంచి చేతులు తీసి, ఇరవై ఏడు వెనక వచ్చి గుమిగూడుతున్నారు. కాసేపటికి రెండు షెడ్లలోనూ రొద పూర్తిగా పోయింది. దారాల బల్ల దగ్గర ఎవరో దగ్గితే అటుపక్క తలలు తిరిగాయి.

"చెప్పండి సార్," అంది బొత్తాలక్క. "మేం వింటున్నాం. వాళ్ళూ వింటున్నారు."